ఎడమ వైపు కుట్టిన పుస్తకం

“చదవకూడదు తమ్ముడూ. మా పనిలో మొదటి పాఠం అదే. చదివావంటే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే జిగురు ఆరిపోతుంది. నాకు పని నేర్పిన మేస్త్రి ఉన్నాడే, పది ఫెయిలైనవాళ్ళనే పనిలోకి తీసుకునేవాడు. ‘చదువు మీద పగ ఉన్నవాళ్ళు కావాలి నాకు’ అనేవాడు. నేను పాసయ్యాను. ఆ సంగతి రెండేళ్ళు దాచాను.”

ఆ మాటలకి దారాలాయన నవ్వుతూ సంచీ దించాడు. తొమ్మిది ఊళ్ళు తిరిగి బైండింగు దారాలు, క్యాలికో గుడ్డ, సూదులు, దబ్బనాలు అమ్ముకునే మనిషి. ప్రతి నెలా మొదటి మంగళవారం ఈ లైబ్రరీకి వస్తాడు. మెట్లు దిగి, కింద ఉన్న ఈ మరమ్మతుల గదిలోకి వచ్చి, సరుకు ఇచ్చి, ఒక గంట కూర్చుని పోతాడు. సరుకు ఇవ్వడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతా యాభై ఐదు నిమిషాలూ వినడానికే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

గదికి ఒకటే కిటికీ, అదీ పైకప్పుకి ఆనుకుని. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ నలుగురు పనిచేసేవారట. ఇప్పుడు ఈవిడ ఒక్కతే. పై అంతస్తులో వాళ్ళు ఈవిడని అట్టలమ్మ అంటారు. ఎదురుపడితే మాత్రం ‘అమ్మా’ అంటారు, అదీ రోజుకి రెండుసార్లు, పొద్దున తాళం తీసినప్పుడూ సాయంత్రం వేసినప్పుడూ. దారాలాయన వచ్చిన రోజున ఆవిడ మొదటి నాలుగు మాటలూ బొంగురుగా వస్తాయి. పొద్దున్నుంచీ వాడని గొంతు. ఐదో మాటకి సర్దుకుంటుంది. ఆ తర్వాత ఇక ఆగదు.

ఇవాళ బల్ల మీద మామూలుగా ఉండే లావుపాటి రిజిస్టర్లు లేవు. అరచేతికి కాస్త పెద్దగా ఉన్న ఏడు పుస్తకాలు వరసగా ఉన్నాయి. పక్కన గీతల నోటుబుక్కు. జిగురు డబ్బాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. దాని మీద ఒక బొమ్మ ఆగిపోయి ఉంది. పెద్ద కళ్ళు, భుజం మీదుగా పచ్చటి పట్టీ కట్టుకున్న ఆడపిల్ల, మెట్ల మీద.

“చదవకూడదంటూనే ఇదేంటక్కా, దుకాణం పెట్టేశారు?”

“చదవకూడదన్నాను. చదవలేదన్నానా?” అంది అట్టలమ్మ. “నువ్వు కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది. ఇక్కడ కూర్చో. ఇవి జపాన్ బొమ్మల పుస్తకాలు. మాంగా అంటారు. ఫోనులో ఉన్నది అదే కథ, కదిలే బొమ్మలతో. దాన్ని యానిమే అంటారు.”

“అవునవును, మా వాడు కూడా చూస్తాడు. పుస్తకం వచ్చి, హిట్టయ్యి, సినిమా తీస్తారు. తెలుసు.”

“ఏం తెలుసు నీకు? ఇక్కడ తిరగేసి జరిగింది. ముందు కదిలేది వచ్చింది. అది చూసి తర్వాత ఇంకొకావిడ కూర్చుని బొమ్మలేసింది.”

“అంటే కాపీ కొట్టింది.”

“మీ అమ్మ కూర చూసి మీ ఆవిడ కూర చేస్తుంది. కాపీ అంటావా ఆవిడతో? అను చూద్దాం.”

దారాలాయన అనలేనని ఒప్పుకున్నాడు. అట్టలమ్మ ఫోనుని కొంచెం తన వైపు తిప్పుకుని కథ మొదలుపెట్టింది. ఆవిడ కథ చెప్పే తీరు వేరు. చేతులు పనిచేస్తూనే ఉంటాయి. ఊడిన ఆకుల కట్టని నాలుగు వైపులా బల్ల మీద తట్టి సమం చేస్తూ, ఎక్కడ భయం రావాలో అక్కడ తట్టడం ఆపుతుంది.

పదమూడేళ్ళ పిల్ల. తల్లికి జబ్బు, బతకదన్నారు. కిటికీలోంచి తెల్లటి దీపప్పురుగు ఒకటి వచ్చి, మీ అమ్మని బతికిస్తాను, బదులుగా నువ్వు ఈ పట్టీ కట్టుకుని ఊరి మీదికొచ్చే నీడలతో పోరాడాలి అంటుంది. పిల్ల సరేనంటుంది. తల్లి లేచి కూర్చుంటుంది. బాగానే ఉందనుకుంటాం. కానీ పిల్ల గెలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆమెని మరిచిపోతారు. ముందు పెన్సిళ్ళమ్మే కొట్టువాడు. తర్వాత పంతులమ్మ. తర్వాత బెంచీలో పక్కన కూర్చునే స్నేహితురాలు. ఈ సంగతి దీపప్పురుగు ముందు చెప్పలేదు. అడిగితే, నువ్వు అడగలేదుగా అంటుంది.

“మన ఇన్సూరెన్సు ఏజెంటు లాగ,” అన్నాడు దారాలాయన.

“అచ్చం. ఇక చివరికి ఊరు మొత్తం నిలబడుతుంది. అందరూ క్షేమం. ఆ పిల్లని మాత్రం ఒక్కరూ ఎరగరు. తల్లి కూడా. తల్లిని బతికించుకోడానికి మొదలుపెట్టింది చూడు, ఆ తల్లే.”

“చిన్నపిల్లల బొమ్మలంటే ఇలా ఉంటాయా? మెరుపులు, మంత్రదండం, పాటలు ఉంటాయనుకున్నాను.”

“పాటలుంటాయి. మెరుపులూ ఉంటాయి. అవి చూసే మేము బోల్తా పడ్డాం.”

‘మేము’ అన్న మాట దగ్గర ఆవిడ చేతిలోని ఆకుల కట్ట ఇంకోసారి అనవసరంగా బల్ల మీద తట్టుకుంది. దారాలాయన అడగలేదు. అడగకుండా ఉంటేనే వస్తాయి కొన్ని మాటలు. సంచీలోంచి దారపు ఉండలు తీసి, నంబర్లవారీగా పేర్చడం మొదలుపెట్టాడు.

వచ్చాయి. చెల్లెలు పోయినప్పుడు చెల్లెలి కూతురికి ఐదేళ్ళు. మరిది ఊళ్ళు పట్టుకుని తిరిగే ఉద్యోగి. పిల్లని తెచ్చి ఈవిడకి అప్పజెప్పాడు. పెళ్ళి పెటాకులు లేని ఈవిడ ఆ పిల్లని తొమ్మిదేళ్ళు పెంచింది. పిల్లకి నోరు ఊరుకునేది కాదు, ఎవరేమన్నా చురుక్కుమని కుట్టేది. అందుకని కందిరీగ అని పేరు పెట్టింది. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరూ మంచం మీద చేరి ఈ దీపప్పురుగు కథ చూసేవారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి. అట్టలమ్మకి అంత వేగం అందేది కాదు. కందిరీగే చదివి తెలుగులో చెప్పేది.

“చెప్పడం కాదు, నాటకం ఆడేది. పై వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేదిలే, ‘మీ బకెట్టు ఇక్కడెందుకుంది’ అని సాగదీసేది. మా కందిరీగ దీపప్పురుగుకి ఆవిడ గొంతు పెట్టేది. ‘నీ జ్ఞాపకం ఇక్కడెందుకుందీ’ అని. నేను దిండు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని, పైకి వినపడుతుందని.”

“ఇప్పుడు ఎక్కడుంది?”

“నీ ఐదో ఊళ్ళో. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఇరవై మూడేళ్ళు.” ఆవిడ నోటుబుక్కు ఇటు తోసింది. “అది తర్వాత. ముందు ఇది చూడు. నేను ఊరికే చదవలేదు, లెక్కగా చదివాను.”

నోటుబుక్కులో ప్రతి పేజీ మధ్యన నిలువు గీత. ఒక పక్క ‘కదిలేది’, రెండో పక్క ‘కదలనిది’. గుండ్రటి అక్షరాలు, రిజిస్టర్ల వీపు మీద సంవత్సరాలు రాసే చెయ్యి. దారాలాయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

నీడలతో యుద్ధాల దగ్గరంతా కదిలేదే గెలిచింది అని రాసి ఉంది. అక్కడ రంగులు ఒకదాని మీద ఒకటి విరుచుకుపడతాయట, డప్పులు మోగుతాయట. పుస్తకంలో రెండు పేజీలు నిండా నలుపు. ‘ఇంకు ఖర్చు తప్ప ఏమీ లేదు’ అని అట్టలమ్మ తీర్పు. రెండో పిల్ల ఒకతి ఉంది, ఎప్పుడూ అబద్ధాలు చెప్పే పిల్ల. కదిలేదాంట్లో ఒక్క నిమిషంలో పోతుంది, దాని మీద పాట కూడా. పుస్తకంలో ఆ పిల్లకి తొమ్మిది పేజీలు ఇచ్చారు. పోయే ముందు రోజు స్కూలు బట్టలు మడతపెట్టుకుంటుంది, అంతే. కాలరు మడుస్తుంది, విప్పుతుంది, మళ్ళీ మడుస్తుంది. ‘ఈ పిల్ల ఎలాంటిదో ఇన్నాళ్ళకి తెలిసింది’ అని రాసి, కింద గీత.

“దీపప్పురుగు సంగతి చూశావా? అక్కడ రాశాను.”

దారాలాయన వేలు పెట్టి వెతికాడు. ‘కదిలేదాంట్లో పురుగుది తియ్యటి గొంతు, సూది వేయబోయే నర్సు గొంతు. పుస్తకంలో గొంతు ఉండదు. మనమే చదువుకోవాలి. చదివితే నా గొంతే వినిపించింది. ఇదే ఎక్కువ భయం.’

“నిజమే కదా,” అన్నాడు నెమ్మదిగా.

“ఇంకో తేడా రాయలేదు, రాయడానికి రాలేదు. ఆ కదిలేది ఉందే, మనం ఊపిరి పీల్చినా పీల్చకపోయినా ఇరవై నాలుగు నిమిషాల్లో దాని పని అది చేసుకుపోతుంది. పుస్తకం అలా కాదు. పేజీ తిప్పేది నేను. తల్లి మరిచిపోయే పేజీ వస్తోందని తెలుసుగా. తిప్పకపోతే ఆ పిల్లకేం కాదు. ఒక సాయంత్రమంతా తిప్పలేదు తమ్ముడూ. అన్నం వండుకున్నాను, గిన్నెలు తోముకున్నాను, తలుపు గడియ పెట్టుకున్నాను, పుస్తకం అక్కడే బోర్లించి ఉంది. ఆ పిల్ల ఇంట్లోనే ఉన్నట్టనిపించింది.”

కిటికీలో ఎవరివో చెప్పులు ఆగి, మళ్ళీ కదిలాయి. దారాలాయన నోటుబుక్కులో చివరి పేజీకి వెళ్ళాడు. అక్కడ ‘ముగింపు’ అని రాసి, రెండు వైపులా ఖాళీ.

“ఇదేంటక్కా, అసలు చోట వదిలేశారు?”

“అక్కడికే వస్తున్నాను.”

ఫోనులో ఆగిన బొమ్మని ఆవిడ వేలితో కదిలించింది. మెట్లు. కింద నుంచి తల్లి సంచీ మోసుకుంటూ ఎక్కుతోంది. పై నుంచి పిల్ల దిగుతోంది. పిల్ల పక్కకి జరిగి దారి ఇస్తుంది. తల్లి ‘థాంక్సమ్మా’ అని, ఎవరో పరాయి పిల్లకి చెప్పినట్టు చెప్పి, పైకి వెళ్ళిపోతుంది. సంగీతం ఆగిపోతుంది. పిల్ల బూట్లు మాత్రం చాలాసేపు కనిపిస్తాయి. అయిపోతుంది.

“ఇది చూసి మా కందిరీగ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను తీశానా ఆ సినిమా? ‘గుర్తుపట్టకపోతే పోయింది పెద్దమ్మా, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడొచ్చు కదా’ అని ఏడుపు. నేనేమన్నాను? ‘మరిచిపోయిన మనిషి ఎందుకు తిరుగుతుందే, ఇదే నిజం, బాగా తీశారు’ అన్నాను. పెద్ద మొనగత్తెలాగ.”

ఆ మరుసటి ఏడే మరిది మళ్ళీ పెళ్ళి చేసుకుని, ఒక చోట స్థిరపడి, పిల్లని తీసుకెళ్తానని వచ్చాడు. తండ్రి. కాదనడానికి ఈవిడెవరు? వ్యాను వీధి చివర ఆగింది. అట్టలమ్మ సామాను ఎక్కించింది. పిల్ల తల నిమిరింది. తొమ్మిదీ నలభై అయింది, పనికి ఆలస్యమవుతుందని చెప్పి, వ్యాను కదలకముందే ఇటు తిరిగి నడిచి వచ్చేసింది.

“ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క రోజు ఆలస్యమైతే కొంపలేం మునగవు. వెనక్కి తిరిగితే ఏడుస్తాను, నేను ఏడిస్తే అది వ్యాను దిగిపోతుంది. అందుకని తిరగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. దానికెలా తెలుస్తుంది?”

ఆవిడ అట్ట ముక్క ఒకటి తీసుకుని, దాని అంచు మీద బొటనవేలు నడిపించి, మళ్ళీ పెట్టేసింది.

తర్వాత ఫోన్లు నడిచాయి. నెలకొకటి. దెబ్బలాట ఏమీ లేదు. ఎనిమిదేళ్ళు అలా గడిచాక, కిందటేడు ఒక పార్సిలు వచ్చింది. ఈ కథ తాలూకు పుస్తకాల్లో ఏడోది, ఆఖరిది. ఆకులన్నీ ఊడిపోయి రబ్బరు బ్యాండు కట్టి ఉన్నాయి. లోపల చిన్న చీటీ.

“‘పెద్దమ్మా, చదివి చదివి ఊడిపోయింది. కుట్టిపెట్టవూ. చివర మనం చూసినట్టు లేదు, వేరేగా ఉంది. నువ్వూ చూడు.’ కంఠతా వచ్చు నాకు ఆ చీటీ.”

“చూశారా మరి?”

“చూడలేదు.”

“అదేంటక్కా!”

“తొందర తమ్ముడూ. ఎనిమిదేళ్ళలో మొదటిసారి అది నన్నొక పని అడిగింది. బ్రహ్మాండంగా చేసి, నాలుగు రోజుల్లో దాని చేతిలో పెట్టాలి. పెద్దమ్మ పనితనం ఏంటో చూడాలి అది. తెరిచి కూర్చుంటే ఒక రోజు పోతుందనుకున్నాను. పైగా ఈ చేతులకి అలవాటు లేదు, చదవడం. నిన్ను నీలం క్యాలికో తెమ్మన్నాను, గుర్తుందా?”

దారాలాయనకి బాగా గుర్తుంది. ఆ మంగళవారం తెచ్చిన వాటిలో మొదటి నీలం స్కూలు యూనిఫాంలా ఉందని, రెండోది పోలీసు జీపులా ఉందని తిట్టి, మూడోది తెచ్చేదాకా ఊరుకోలేదు. దానికోసం ఆ శుక్రవారమే ప్రత్యేకంగా రావలసి వచ్చింది. ఎవరికక్కా ఇంత మర్యాద అంటే, నీకెందుకు అంది.

ఇప్పుడు ఆవిడ ఆ పని ఎలా చేసిందో చెబుతుంటే ఆయన కళ్ళకి కట్టింది. ఊడిన ఆకులకి ఒక అంచున పాత జిగురు గడ్డకట్టి ఉంటుంది. ముందు ఆ అంచుని కటింగ్ మిషనులో సన్నగా కోసేయాలి. కోశాక నాలుగు అంచులూ ఒక్కలాగే ఉంటాయి. కట్టని తట్టి, బల్ల మీద పెట్టి, ఎడమ వైపు దబ్బనంతో బెజ్జాలు వేసి, కుట్టి, అట్టలు వేసి, గుడ్డ వేసి, బిగింపు చెక్కల మధ్య ఒక రోజు ఉంచింది. అంత నాజూకైన పని ఆవిడ ఆ మధ్య చేసి ఉండదు. పోస్టులో పంపింది. జవాబు ఫోనులో వచ్చింది. ‘అందింది పెద్దమ్మా. బాగా కుట్టావు.’

“అంతే. ఇంకో మాట లేదు. ముగింపు చూశావా అని అడగలేదు. అప్పట్నుంచి నేను ఫోను చేస్తే తీస్తుంది, బాగున్నాను అంటుంది, షాపులో ఎవరో వచ్చారంటుంది. పదకొండు నెలలు. ఏం తప్పు చేశానో తెలియదు. గుడ్డ రంగు నచ్చలేదేమో అనుకున్నాను, చూడు నా తెలివి.”

కిందటి నెల లైబ్రరీకి ఎవరో ఈ ఏడు పుస్తకాలూ ఇచ్చారు. అట్టలు నలిగి, ఆకులు వదులై. పై నుంచి లైబ్రేరియన్ అమ్మాయి స్వయంగా పట్టుకొచ్చి, “అమ్మా, ఇవి మన పుస్తకాల్లా కాదు, అటునుంచి ఇటు చదవాలి. కుట్టు కుడి వైపు రావాలి, జాగ్రత్త” అంది.

“కుడి వైపా అని నవ్వాను. ఆ అమ్మాయి మెట్లెక్కి పైకి పోయేదాకా నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు తట్టింది.”

“ఎడమ వైపు కుట్టారు మీరు.”

“ముప్ఫై ఏళ్ళుగా ఎడమ వైపే కుడుతున్నాను. చెయ్యి అడిగి చేస్తుందా?”

“అయితే మాత్రం ఏమైందక్కా? ఆకులు వరసలోనే ఉంటాయిగా. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది చదవడానికి. దానికే పదకొండు నెలలు కోపమా?”

అట్టలమ్మ లేచి చేతులు తుడుచుకుంది. ఏడో పుస్తకం తీసి, వెనక నుంచి తెరిచి, చివరికి దగ్గరగా ఒకచోట ఆపి, ఆయన ముందు పరిచింది.

అవే మెట్లు. మాట లేదు, మాటల బుడగ లేదు. ఒకే బొమ్మ రెండు పేజీల మీద పరుచుకుని ఉంది. కుడి పేజీలో తల్లి, సంచీ పట్టుకుని, వెనక్కి తిరిగి ఉంది. ఎడమ పేజీలో పిల్ల, తలెత్తి ఉంది. మధ్యన ఉన్న కుట్టు మీదుగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. తల్లి ముఖంలో గుర్తుపట్టిన జాడేమీ లేదు. ఊరికే చూస్తోంది. దారాలాయన తర్వాతి పేజీ తిప్పాడు. తల్లి మళ్ళీ పైకి వెళ్ళిపోతోంది. కథ మారలేదు.

“వెనక్కి తిరిగింది, అంతే,” అంది అట్టలమ్మ. “బొమ్మలేసినావిడ ఈ రెండు పేజీలు ఇచ్చింది ఆ పిల్లకి. ఇప్పుడు నీ చేతులు రెండూ ఎత్తు. అరచేతులు ఎదురెదురుగా పెట్టు. కుడి చెయ్యి తల్లి, ఎడమ చెయ్యి పిల్ల. పెట్టావా? ఇప్పుడు మణికట్టు తిప్పకుండా, ఎడమది కుడి పక్కకి, కుడిది ఎడమ పక్కకి మార్చు.”

దారాలాయన మార్చాడు. చేతులు అడ్డంగా దాటుకుని, వెనక వైపులు ఒకదానికొకటి ఆనుకున్నాయి. అరచేతులు రెండూ గోడలకేసి చూస్తున్నాయి.

ఆయన వాటిని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

“అదీ నేను కుట్టి పంపింది,” అంది ఆవిడ. “‘నువ్వూ చూడు’ అని పంపిన పేజీని తల్లీ పిల్లా వీపులు తిప్పుకునేట్టు కుట్టి, నీలం గుడ్డ వేసి, మెత్తటి కాగితంలో చుట్టి పంపాను. అది బైండింగు తప్పనుకుని ఉంటుందా? పెద్దమ్మ చేతి పనిలో ఎన్నడైనా తప్పు చూసిందా అది? జవాబనుకుంది.”

“ఛ, ఊరుకోండక్కా. ఇంత దూరం ఎవరాలోచిస్తారు?”

“కందిరీగ ఆలోచిస్తుంది. పెంచినదాన్ని నాకు తెలియదా?”

ఆయన చేతులు దించుకున్నాడు. లైబ్రరీ పుస్తకాన్ని జాగ్రత్తగా మూశాడు. దానికి కుట్టు కుడి వైపు చక్కగా కూర్చుంది. ప్రతి ఆకు అంచుకీ సన్నటి కాగితం పట్టీ అతికించి, ఆ పట్టీలకి కుట్టింది. అందుకే అంత బాగా పరుచుకుంది, బొమ్మలో ఒక్క వెంట్రుక కూడా కుట్టులోకి పోలేదు.

“ఫోను చేసి చెప్పేస్తే పోదా? తప్పు వైపు కుట్టానే తల్లీ అని.”

“చెప్పాననుకో. ‘పర్లేదులే పెద్దమ్మా’ అంటుంది. ఆ పర్లేదు వినే ఓపిక నాకు లేదు.”

“కొత్తది కొని పంపితే?”

“కొత్తది కొనుక్కోలేకా అది నాకు పంపింది? నేను పాడుచేసింది దాని పుస్తకం. చదివి చదివి ఊడగొట్టుకున్న పుస్తకం. అదే విప్పాలి, అదే కుట్టాలి.” ఆవిడ గొంతు పనిలోకి వచ్చేసింది. “అవుతుంది. పాత జిగురు కోసినప్పుడు ఒక పక్క మూడు మిల్లీమీటర్లు పోయింది. ఇప్పుడు విప్పితే రెండో పక్క బెజ్జాలుంటాయి, అవి పూడుస్తాను. పట్టీలు వేసి కుడి వైపు కడతాను. ఇద్దరి మధ్యనా సన్నటి తెల్ల గీత మిగులుతుంది. అది పోదు. అబద్ధమెందుకు, అది మాత్రం పోదు. కానీ ఒకరినొకరు చూసుకుంటారు.”

“మీరే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా అక్కా? బస్సులో ఐదు గంటలు.”

అట్టలమ్మ దారపు ఉండల్లో పద్దెనిమిదో నంబరుది తీసి, కొస లాగి, రెండు చేతులా సాగదీసి చూసింది. “రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళాను,” అంది. “ఆ షాపు గాజు తలుపట. లోపల్నుంచి అది నన్ను చూసి, ఎవరో కస్టమర్ని చూసినట్టు ‘రండమ్మా’ అంటే? నేను అక్కడే కూలబడతాను తమ్ముడూ. ఈ దారం బాగాలేదు, పోయినసారి ఇచ్చినదే బాగుంది.”

“అది ఆ దారమేనక్కా.”

“అయితే నా వేళ్ళు బాగాలేవు.”

ఆయన సంచీ సర్దుకున్నాడు. వచ్చే గురువారం ఐదో ఊరు. అది ఆవిడకీ తెలుసు. ఇన్నేళ్ళుగా ఆయన ఏ వారం ఏ ఊళ్ళో ఉంటాడో ఆవిడ చెప్పగలదు. ఆయనా ఇంతసేపూ ఆవిడ నోటి నుంచి రావాలనే ఆగాడు. సంచీ భుజానికి తగిలించుకుని, తలుపు దగ్గర నిలబడి, ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు.

“నటించింది చాలు, ఇటు రా,” అంది అట్టలమ్మ. రిజిస్టర్లకి అంటించే తెల్ల చీటీ ఒకటి తీసి, దాని మీద షాపు వీధి, మలుపు, మెట్లు, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆరేదాకా ఊది ఇచ్చింది.

“ఎర్ర బోర్డు షాపు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళు, అప్పుడు జనం ఉండరు. నేను పంపానని ముందే చెప్పు, మెలికలు పెట్టకు. ఆ పుస్తకం ఒకసారి ఇమ్మని అడుగు. ఎందుకని అడిగితే, మీ పెద్దమ్మ తప్పు వైపు కుట్టిందట, విప్పి మళ్ళీ కుడుతుందట అని చెప్పు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పకు, నీకు నోరు ఊరుకోదు. పారేశానంటే పారేసిందని వచ్చి నాతో చెప్పు, నన్ను ఊరుకోబెట్టడానికి కథలల్లకు. ఇస్తే తడవకుండా తీసుకురా. ఇవ్వనంటే బలవంతం చెయ్యకు. నేనే తీసుకొచ్చి ఇస్తానంది అనుకో, అప్పుడు మాత్రం, ‘నీకెందుకమ్మా శ్రమ, ఎలాగూ నేను అటే వెళ్తున్నాగా’ అని నీ మర్యాదలన్నీ అక్కడ ఒలకబొయ్యకు తమ్ముడూ. నోరు మూసుకుని వచ్చెయ్యి.”